ఏమీ పెట్టొద్దు

కోఠీలో ఆ గల్లీకి
ఎండ కూడా పక్కకి తిరిగి రావాలి.
స్పీకర్ల మీద స్పీకర్లు,
ఒక్కో షాపుది ఒక్కో పాట,
అన్నీ కలిసి ఎవరిదీ కాని పాట.

మెట్లెక్కితే మొదటి అంతస్తు, అద్దాల తలుపు.
ముఖీద్ గారి కొడుకు బల్ల మీద మూడు పెట్టెలు పేర్చాడు.
నల్లది ఒకటి, టిఫిన్ డబ్బా అంత.
అల్యూమినియందొకటి, మా నాయనమ్మ వక్కల పెట్టెలా.
మూడోదాని నెత్తిన రెండు గాజు బల్బులు,
గూట్లో దీపంలా ఎర్రగా,
ధర అడిగితే ఆరిపోయేటట్టు.

"ఇది అంకెల్ని శబ్దం చేస్తది మేడమ్,
ఇది ఆ శబ్దానికి బలమిస్తది.
మీ హెడ్‌ఫోన్ మూడొందల ఓమ్‌లది,
ఉత్త ఫోన్‌తోని లేవదు, మొండిది.
ఏం పాట పెట్టమంటరు?"

ఏమీ పెట్టొద్దన్నాను.
నాబ్ చివరిదాకా తిప్పు,
ఏమీ పెట్టొద్దు.

అతను నా టిఫిన్ సంచి వంక చూశాడు.

ఇరవై తొమ్మిదేళ్లు సిటీ సివిల్ కోర్టులో స్టెనోని.
అబద్ధం షార్ట్‌హ్యాండ్‌కి ఇట్టే లొంగుతుంది,
వేళ్లే రాసుకుపోతాయి.
సాక్షి నోరు మెదపనప్పుడే చిక్కు.
"జవాబు లేదు" అని రాయాలి, అంతే.
ఫ్యాను కిర్రుమనేది,
జడ్జి గారి పెన్ను మూత టక్కుమనేది,
బోనులో ఆవిడ గాజులు
ఒకదాన్నొకటి ఆనుకునేవి.
అదంతా జవాబే.
నా పుస్తకంలో దానికి గీత లేదు.

నల్ల పెట్టెలో ఇసుక పోస్తున్నారు,
పక్క గదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు, ఆగకుండా.
అతను తీగ పీకి మళ్లీ గుచ్చాడు.
తగ్గింది. పోలేదు.

వక్కల పెట్టెలో ఏమీ లేదు.
మే నెల రాత్రి కరెంటు పోతే
ఇంతసేపూ ఫ్రిజ్ మోగుతూనే ఉందని
అప్పుడు తెలుస్తుందే,
అలాంటి ఏమీ లేకపోవడం.
ఆ అడుగున, ఎడమ పక్క, సన్నగా ఒక కూత.

"దీన్లో కూడా ఉంది," అన్నాను.
అతను పెట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు.
"లేదు మేడమ్. బావి లెక్క ఉన్నది లోపట."

గాజు బల్బులదీ పెట్టుకున్నాను. లక్షా పదివేలు.
చిన్న గురక, దాని మీద అదే కూత,
అంతే ఎత్తు, ఎడమ పక్కే.
హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.
కూత దాంతో పోలేదు,
నా దగ్గరే ఉండిపోయింది.

ఎన్నాళ్లుగా ఉందో మరి.
ఎదురింటి మోటరనుకున్నాను,
దూరంగా పోయే లోకల్ రైలనుకున్నాను,
ఒక ఎండాకాలమంతా కీచురాళ్లని తిట్టాను.

ఇక బేరం తేలికైపోయింది.
నా కూత కన్నా మెల్లగా ఉండే పెట్టె చాలు నాకు.
అంతకు మించిన నిశ్శబ్దం కొన్నా
వినేది నేను కాదు.
వక్కల పెట్టె కట్టమన్నాను.
చిట్టీ డబ్బుల్లోంచి పద్దెనిమిది వేలు,
అడాప్టర్ ఊరికే ఇచ్చాడు,
రెండొందలు తగ్గించమంటే మాత్రం
వాళ్ల నాన్న ఫోటో వంక చూపించాడు.

"పాట వినకుంట కొన్నది మీరొక్కరే."
"విన్నాను కదా," అన్నాను.

రాత్రి పదిన్నర, మలక్‌పేట.
కింది వాటాలో సీరియల్ అయిపోయింది.
భోజనాల బల్ల మీద కూరగిన్నెలు జరిపి పెట్టె పెట్టాను,
ఎవరిదో పాత వీణ కచేరీ.
ఇంకా మీటలేదు.
ఆవిడ ఊపిరి పీల్చింది,
ఉంగరం కర్రకి తగిలింది,
వెనక ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.
ఎడమ పక్క నా కూత, దాని మానాన అది.

లేచి సొరుగు లాగాను.
పెన్సిల్ ఉంది, ముక్కు లేదు.
చాకు కోసం వంటింట్లోకి వెళ్తుంటే
వెనక మొదటి తీగ మోగింది.